దండ వేసిన ఫొటో

గల్ఫ్‌లోని బర్కాలో ఖర్జూరపు తోటల చివర పాడుబడ్డ పంపు గది ఒకటుంది. చీకటి పడితే అటు పోవద్దనేవారు మన కూలీలు. నెల రోజులుగా లోపల ఆడమనిషి మూలుగుతోందట... అదీ తెలుగులో.

నాకు చెప్పింది భూమేశ్. అక్కడ కారు నడుపుతాడు.

ఎన్నికల ముందు వాళ్ల ఊరి నాయకుడు ఓంకార్ వచ్చాడు, గల్ఫ్ అన్నలకు శాలువాలు కప్పడానికి. అక్కలకు కప్పలేదు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు మీటింగుకు రావడానికి సెలవెక్కడిది? ఒక్క ఆడదాని పేరు మాత్రం ప్రసంగమంతా మోగింది — కనకవ్వ. పనికొచ్చి ఏడాదిగా జాడ లేదు. చంపేశారని ఓంకారే తేల్చాడు. శవాన్ని తెప్పిస్తానని ఊళ్లో దీక్షకు కూర్చున్నాడు. దండ వేసిన ఆమె ఫొటోతో ఫ్లెక్సీలు కట్టించాడు. వాటిలో ఆమెకన్నా ఆయనే పెద్దగా ఉన్నాడు. శవం గురించి అంత ఏడ్చినవాడు, మనిషిని వెతికిస్తానని మాత్రం ఒక్కసారీ అనలేదు.

మీటింగయ్యాక భూమేశ్ ఆయన్ని ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్తున్నాడు. పంపు గది దగ్గర ఓంకార్ కారు ఆపమన్నాడు. ఒంటికి వెళ్లాలట. ఇక్కడ వద్దన్నాడు భూమేశ్. దెయ్యాలకు భయపడేవాడు రాజకీయం చేయలేడని నవ్వి, గోడ చాటుకు పోయాడు.

చీకటి... గాలి కూడా లేదు...

“ఓంకారన్నా...”

భూమేశ్ ఫోన్ లైటుతో పరుగెత్తాడు. నాయకుడు గోడకు అతుక్కుపోయి ఉన్నాడు. ఎదురుగా నల్ల బట్టలు... చెప్పుల్లేని కాళ్లు... ఫ్లెక్సీలోని ముఖం.

“నేను సచ్చిపోలే అన్నా. కొట్టుడు పడలేక ఉరికొచ్చిన. పాస్‌పోర్టు వాళ్ల కాడుంది. నన్ను ఇంటికి తోలు.”

ఓంకార్ ఆమె మణికట్టు ముట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. అసలు భయం అప్పుడు పట్టుకుంది ఆయనకు, అంటాడు భూమేశ్.

“పోలింగయ్యేదాక ఎవ్వరికీ కనపడకు చెల్లే,” అన్నాడు గుసగుసగా.

భూమేశ్ కారు తలుపు తీసి కనకవ్వను కూర్చోబెట్టుకుని, ఎంబసీ దారి పట్టాడు. నాయకుడు ఆ చీకట్లోనే మిగిలాడు. విమానం తప్పింది.

కాగితాలు చేతికొచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఆమె ఊళ్లో దిగిన రోజే పోలింగ్. బస్సు దిగి నేరుగా బూత్‌కే నడిచింది. తాను బతికే ఉన్నానని, రాసుకోమని అడిగింది.

బల్ల దగ్గరి మనిషి తలెత్తకుండా జాబితాలో వేలు జరుపుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు.

“కనకవ్వ... నీ ఓటు పొద్దున ఏడింటికే పడ్డది గదమ్మా.”

పేరు పక్కన వేలిముద్ర ఉంది.