బీజాన్ చుట్టిన డైనమో

పొద్దున ఎనిమిదిన్నరకు బీజాన్ వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ఒళ్లో పాత ట్రాక్టరు డైనమో విప్పి తీసిన ఆర్మేచరు, అంటే లోపల తిరిగే గాళ్ల ఇరుసు, చేతిలో రాగితీగ. తీగను గాడిలో వేసి చుట్టు చుట్టుకూ బిగిస్తోంది. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి చుట్టుకోవాల్సిందే.

బండి నడుస్తుంటే కరెంటు పుట్టించి బ్యాటరీ నింపేది డైనమో. ఇప్పటి బండ్లకు అది ఉండదు. పాత బండి డైనమో కాలితే మాత్రం నంద్యాలలో అందరూ మాబాషా అంగడికే పంపిస్తారు. మాబాషా చేయి పడితే తిరుగులేదంటారు. చుట్టేది మాబాషా కాదని, ఎనిమిదేళ్లుగా ఆయన భార్య ఈ గడప దగ్గర కూర్చుని చుడుతోందని ఎవరికీ తెలియదు. ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు. ఆ ఫోను రాకపోతే ఇంకో ఎనిమిదేళ్లు అడిగేది కాదేమో.

ఫోను ఆళ్లగడ్డ నుంచి. నతానియేలు సారు రిటైరైన టీచరు. తండ్రి నడిపిన మోరిస్ కారును ఏడాదిగా బాగు చేయించుకుంటున్నాడు. దాని డైనమో చుట్టింది బీజాన్. పోయిన వారం దాన్ని తీసుకుపోయి, కొత్త బ్యాటరీతో సహా బిగించి వచ్చింది మాబాషా.

“ఏమప్పా మాబాషా, నీ పేరు చూసి ఇస్తే ఇట్లనా చేసేది? నిన్న చర్చి ముందర ఆగిపాయ. అందరూ చూస్తాంటే తోసుకుంటా ఇంటికి తెచ్చుకున్నాం. ఛార్జింగే ఎక్కడంల్యా.”

ఫోను స్పీకరులో ఉంది. మాబాషా గొంతు సవరించుకున్నాడు.

“కోపం చేసుకోవద్దు సార్. ఈసారి చుట్టింది మా ఇంటామె. ఆడమనిషి చేయి గదా, యాడనో తప్పు పోయింటాది.”

బీజాన్ తీగ వదిలేసింది. అంతసేపు బిగించిన చుట్లన్నీ సడలిపోయాయి. ఆయన ఫోను పెట్టేసేదాకా ఆగింది.

“ఏందీ నువ్వు అనింది?”

“ఏదో ఒకటి చెప్పాల గదా. అంగడి పేరు పోతాది.”

“అంగడి పేరా? ఎనిమిదేండ్లలో ఒక్కనాడన్నా నా పేరెత్తినావా? బాగుంటే మాబాషా చేయి, చెడిపోతే ఆడమనిషి చేయి. భలే పంచినావులే.”

“అరవద్దు. పక్కింటోళ్లు వింటారు.”

“విననీ. నువ్వు పనికి బద్ధకమై నా మీదేసినావు. ఇంటి మొగోడే గదా అని చుట్టినా. ఈ పొద్దు నా చేయికే వంక పెడతావా?”

బీజాన్ పొయ్యి ఆర్పేసి, మీటరు, స్పానర్లు, గరుకు కాగితం సంచిలో పడేసుకుంది.

“యాడికి పోతాండావ్?”

“ఆళ్లగడ్డకు. నా చుట్టుడులో తప్పుంటే సారు కాళ్లు పట్టుకుంటా. లేదంటే, ఆ మాట ఆ సారు ముందరే వెనక్కి తీసుకోవాల నువ్వు.”

బస్సులో ఆమె ముందు సీట్లో కూర్చుంది, ఆయన వెనక సీట్లో. దారి పొడవునా ఒక్కసారి కూడా ఆమె తల తిప్పలేదు.

ఆళ్లగడ్డలో నతానియేలు సారు భార్య దెబోరమ్మ టీ గ్లాసులతో ఇంటి ముందున్న కారు దగ్గరికి వచ్చింది. మంచి మనిషే, నోటికి అడ్డు లేదంతే.

“నువ్వేనంట గదమ్మా చుట్టింది. ఇంటి పని చూసుకోక ఇయ్యన్నీ ఎందుకు నీకు?”

బీజాన్ టీ ముట్టలేదు. బానెట్ కింద వంగి డైనమో పట్టీ విప్పి లోపలికి చూసింది. కాలిన వాసన లేదు. మీటరు పెట్టింది. తీగ ఎక్కడా తెగలేదు. పక్కనున్న చిన్న డబ్బా మూత తీసింది. డైనమో కరెంటును బ్యాటరీకి వదిలే బిళ్లలు మాత్రం నల్లగా మాడి ఉన్నాయి. అప్పుడు ఆమె చూపు బ్యాటరీ మీదికి పోయింది.

“సారూ, రాండి ఈడికి. నా చుట్టుడు బాగుంది. బ్యాటరీ తిరగేసి కట్టినారు.”

“తిరగేసా?” అన్నాడు సారు.

“ఇప్పటి బండ్లకు మైనస్ తీగ బాడీకి కడతారు. ఈ కాలం నాటి మోరిస్‌కు ప్లస్ కట్టాల. నాకు నేర్పిందే ఈయన. నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.” మాబాషా వైపు తిరిగింది. “చెప్పు. యాది కట్టినావు బాడీకి?”

“ప్లస్సే కట్టినా.”

“ఇది ప్లస్సా? చూసి చెప్పు.”

మాబాషా ముందుకు వంగాడు. ముక్కు బ్యాటరీకి తగిలేంతగా వంగాడు. అయినా చాలక బొటనవేలితో గుర్తు కోసం తడిమాడు. గ్రీజు కింద ఆ గుర్తు వేలికి అందలేదు. ఆ తడుముడు బీజాన్ చూసింది.

పేపరు చదవడం మానేసి ఎన్నాళ్లయింది ఈయన? ఫోను కలిపిమ్మని తనకెందుకు ఇస్తాడు? బద్ధకమని తిట్టింది. బద్ధకం కాదు. సన్న తీగ కనపడక తన చేతిలో పెట్టాడు.

నిజం చెప్పిస్తానని ఇంత దూరం లాక్కొచ్చింది. ఇప్పుడా నిజం బయటపడితే ఆయనకు మిగిలేదేమిటి? ఆమె సారు వైపు తిరిగింది.

“సారూ, తప్పు నాదే. బ్యాటరీ సంగతి నేనే ఈయనకు...”

“నువ్వు ఉండు బీజానూ.” మాబాషా నిటారుగా నిలబడ్డాడు. “సార్, నాకు కండ్లు కనపడవు. ఎనిమిదేండ్లుగా నా పేరుతో పోయిన ప్రతి డైనమో ఈమె చుట్టిందే. ఒక్కటీ తిరిగి రాలా. ఇది చెడిపింది నేను. పొద్దున ఫోన్లో చెప్పింది అబద్ధం.”

దెబోరమ్మ టీ గ్లాసు తీసుకుని బీజాన్ చేతికి తనే అందించింది.

“తాగమ్మా. తెలీక అన్యా.”

బీజాన్ తాగింది. తర్వాత బ్యాటరీ తిప్పి కట్టింది, బిళ్లలు రుద్దింది, డైనమో కరెంటు దిశ మారేలా బ్యాటరీ నుంచి ఒక తీగ తెచ్చి దాని చిన్న బోల్టుకు క్షణం తాకించింది. చిటుక్కుమంది. పక్కింటివాళ్ల బ్యాటరీ తెచ్చి ఆనించి స్టార్టు చేస్తే ఇంజను అందుకుంది. వేగం పెంచగానే, ఛార్జింగ్ లేదని చూపే ఎర్రదీపం ఆరిపోయింది.

బస్టాండులో ఆమె ఆపుకోలేకపోయింది.

“ఊరికి చెప్పకుంటే సరే. నాకెందుకు చెప్పలా? ఎనిమిదేండ్లు ఒకే ఇంట్లో ఉంటిమి గదా.”

“కనపడదంటే అంగడి మూసి ఇంట్లో కూర్చోమంటావని భయం.”

“మూసేదానికి నాకేమన్నా పిచ్చా? రేపు పొద్దున కంటాసుపత్రి. మధ్యాన్నం అంగట్లో పీట వేసేది నేను. గిరాకీతో మాట్లాడేది నువ్వు. ఇంగోసారి అబద్ధమాడితే చూడు.”

తిడుతూనే ఉంది, కళ్లు తుడుచుకుంటూనే ఉంది. కోపం ఆయన మీద కొంత, పక్కనే ఉండి చూడలేకపోయిన తన మీద ఎక్కువ.

బస్సొకటి వచ్చి ఆగింది. ఇన్నేళ్లూ ఆమె కదిలేదాకా ఆగి, వెనకే ఎక్కేవాడు. ఆ రోజు మాత్రం పదిమందిలో గట్టిగా అడిగాడు.

“అది ఏ ఊరి బస్సు బీజానూ?”

ఆమె బోర్డు చదివింది.

“నంద్యాల,” అని చెప్పి, ఆయన చేయి పట్టుకుంది.