నలభై రెండు శాతం దాటాక

"ఇందులో నలభై రెండు శాతం చార్జింగ్ ఉంది. అయినా క్లయింట్ ముందు టప్పున ఆగిపోయింది. రాత్రి అప్‌డేట్ వేసింది మీరేనా?"

సపోర్ట్ గదిలోని అమ్మాయి తలెత్తి చూసింది. లాప్‌టాప్‌ని చంకలో పెట్టుకుని ఎదురుగా నిలబడ్డ ఆర్కిటెక్ట్ మొహం కందగడ్డలా ఉంది.

"నేనే. కూర్చోండి."

"కూర్చోవడానికి రాలేదు."

"అయితే నిలబడే తిట్టండి. ఇందాకటి వాళ్లూ అలాగే తిట్టి వెళ్లారు."

అతను లాప్‌టాప్‌ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

లాప్‌టాప్‌ల కంపెనీ పంపిన, బ్యాటరీని కూడా నడిపించే ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌ని మేనేజర్ వేయమంటేనే ఆమె ఆఫీసంతటికీ వేసింది. తెల్లారేసరికి చార్జింగ్ ఉండగానే ఒక్కో లాప్‌టాప్ ఆరిపోవడం మొదలైంది. రేపు సాయంత్రానికల్లా దారి దొరక్కపోతే ఆమె స్థానంలో ఇంకొకరిని చూసుకుంటామని అదే మేనేజర్ చెప్పేశాడు.

"బ్యాటరీలు బాగానే ఉన్నాయి," అందామె. "అప్‌డేట్ తర్వాత లెక్క తప్పింది, అంతే. తమలో ఎంత చార్జింగ్ ఉందో వాటికే తెలియడం లేదు."

"సోమవారం పొద్దున నేనూ అంతే."

ఆమె నవ్వబోయి ఆగింది. "సరిచేయొచ్చనే అనుకుంటున్నాను. కానీ చూడటానికి ఒక లాప్‌టాప్ రేపటిదాకా నా దగ్గర ఉండాలి. ఎవరిని అడిగినా పనుందంటున్నారు."

పని అతనికీ ఉంది. కానీ ఆమె బల్ల మీద మధ్యాహ్నం బాక్స్ మూత కూడా తీయకుండా అలాగే ఉంది. కోపం ఎటు పోయిందో అతనికే తెలియలేదు. లాప్‌టాప్ ఆమె ముందు పెట్టాడు.

"మరి మీ డ్రాయింగులు?"

"పెన్సిల్‌కి అప్‌డేట్లు రావుగా."

మర్నాడు పొద్దున ఆమె చార్జర్ తీసి, పవర్ బటన్ చాలాసేపు నొక్కి పట్టుకుని, లెక్కని మొదటికి తెచ్చింది. తర్వాత పూర్తిగా చార్జ్ చేసింది. మధ్యాహ్నం చార్జర్ పీకేసరికి బయట వాన పట్టుకుంది, గుమ్మంలో అతను ప్రత్యక్షమయ్యాడు.

"కాపలాకి వచ్చారా?"

"లాప్‌టాప్ మీద బెంగ."

"అది ఇటుంది. మీరు అటు చూస్తున్నారు."

అతను చప్పున చూపు తిప్పుకున్నాడు.

చార్జింగ్ మాత్రం నత్తలా దిగుతోంది. "ఇలాగైతే సాయంత్రానికి తేలదు. దీంట్లోంచే ఎవరికైనా వీడియో కాల్ చేయండి, త్వరగా దిగుతుంది," అందామె.

అతను వదినకి చేశాడు.

"ఆఫీసు టైములో ఇదేంటి? ఆ పక్కన ఎవరు?"

"సపోర్ట్‌లో చేస్తారు వదినా. బ్యాటరీ అయిపోయేదాకా మనం మాట్లాడుతూ ఉండాలి."

"ఓహో, ఈ అమ్మాయేనా," అని వదిన నవ్వింది. "అయితే తననే ఇటు కూర్చోమను. నీ మొహం రోజూ చూసేదే."

ఇంట్లో ఎవరెవరుంటారు, ఏం చదివింది, భోజనం చేసిందా. వదిన ఆరా తీస్తూనే ఉంది, అంకె దిగుతూనే ఉంది. నలభై మూడు రాగానే ఆమె అంకెలు పైకి చదవడం మొదలుపెట్టింది.

నలభై రెండు. నలభై ఒకటి. నలభై. తెర వెలుగుతూనే ఉంది.

ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఏడుస్తున్నావేంటమ్మా?"

"ఏం లేదండీ. నిన్న అందరూ నాకు కంప్లైంట్లు ఇచ్చారు. లాప్‌టాప్ ఇచ్చింది మీ మరిది ఒక్కరే."

వదిన గొంతు మెత్తబడింది. తర్వాత కబుర్లు ఇంకా సాగాయి. చివరికి ఆమె మూడు శాతం అని చదవగానే వదిన తొందరపడింది. "అమ్మాయ్, అది ఆగిపోయేలోపు ఒక్క మాట. నిన్న మా మరిది ఇంటికొచ్చి నీ గురించే..."

తెర నల్లబడింది.

"సరిగ్గా ఆగాల్సిన చోటే ఆగింది," అని ఊపిరి పీల్చుకుని ఆమె మేనేజర్‌కి ఫోన్ చేసింది. రేపటి నుంచి అన్నిటికీ అలాగే చేయమని, ఆ పని ఆమే చూసుకోవాలని అవతల నుంచి మేనేజర్ చెప్పాడు. ఫోన్ పెట్టేసి ఇటు తిరిగింది.

"మీ వదినగారు ఏం చెప్పబోయారు?"

అతను పెన్సిల్‌ని అటూ ఇటూ తిప్పాడు. "మిమ్మల్ని ఊరికే కసిరానని నిన్న బాధపడ్డాను. ఆ తర్వాత భోజనం అయ్యేదాకా మీ గురించే మాట్లాడానట. నాకు తెలియలేదు, వదిన కనిపెట్టేసింది. మీరంటే నాకు ఇష్టమండీ."

ఆమె జవాబిచ్చేలోపే అతని జేబులో ఫోన్ మోగింది. వదినే. ఆమె చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది.

"ముందు మీకు థాంక్స్ అండీ. ఇవాళ మీరు తోడుండకపోతే నా గుండె ఆగిపోయేది. ఇక మీరు చెప్పబోయిన మాట ఆయనే చెప్పేశారు."

"మరి నువ్వేమన్నావమ్మా?"

ఆమె అతని వంక చూసింది.

"ఆదివారం మీ ఇంటికి వస్తున్నానని."