ఐదో వరుస

ఆదివారం పని అంటే నాకు ఒళ్ళు మంట. ఆ రోజు కూడా మనసులో తిట్టుకుంటూనే రెండు ఫ్లాపీలు సంచిలో వేసుకుని కొండాపూర్‌లో ఆటో ఎక్కాను. తొంభై ఎనిమిది ఆగస్టు. రాయదుర్గం బండల మధ్య ఒక కాంట్రాక్టరు ఏదో ఆఫీసు భవనానికి పునాదులు తవ్విస్తున్నాడు. సైటు పక్కన రేకుల షెడ్డు, అందులో ఒక కంప్యూటరు, దాంట్లో నేను చేసిపెట్టిన కూలీల రిజిస్టరు.

నా పేరు భార్గవి. మాది ప్రొద్దుటూరు. నా పని జాబితాలు తయారుచేయడం. గుమాస్తాలు ఒకే మాటను ఏడు రకాలుగా టైపు చేస్తారు. అందుకని గడి పక్కన చిన్న బాణం గుర్తు పెడతాం. నొక్కితే జాబితా కిందకి జారుతుంది, అందులోంచి ఎంచుకోవడమే. అందులో లేని మాట కొడితే ‘జాబితాలో లేదు. చేర్చమంటారా?’ అని అడుగుతుంది. అవునంటే చేరిపోతుంది. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలే. ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకునే ఇలాంటి జాబితాలంటే మా కంపెనీలో నన్నే పిలిచేవాళ్ళు.

ఆ రిజిస్టరులో ‘పని మానిన కారణం’ అనే గడికి ఐదు వరుసలు పెట్టాను. ఊరికి వెళ్ళాడు, వేరే సైటు, జబ్బు, పరారీ, చనిపోయాడు. సైటు మేనేజరు సోమేశ్వరరావు గారు ఐదోది చూసి మొహం చిట్లించారు.

“ఆ అశుభం మాటెందుకండీ భార్గవి గారూ? మా సైటులో అలాంటివి జరగవండి. తీసేయండి.”

తీసేశాను. ఎందుకని ఒక్క మాటైనా అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పదిహేను రోజులకి ఆయన ఫోను చేశారు. “తీసేసిన వరుస మళ్ళీ వస్తోందండి. వేరే మాటతో వస్తోంది. మీరొకసారి రావాలి.” అందుకే ఆ ఆదివారం ప్రయాణం.

గేటు పక్కన ఒకామె కూర్చుని ఉంది. ఒళ్ళో మగవాళ్ళ చెప్పుల జత. పలకరిస్తే చెప్పింది. పాలమూరు వైపు మనిషి, పేరు అనంతమ్మ. భర్త కొమురయ్య ఇక్కడ బండలు కొట్టే పనికి వచ్చాడట. పద్దెనిమిది రోజులుగా కనబడటం లేదు.

“పారిపోయిండని రాసిన్రంట బిడ్డా. చెప్పులు ఈడ్నే ఉన్నయి. చెప్పులిడిసి ఎవలన్న పారిపోతరా? సచ్చిండంటే సచ్చిండని చెప్పుమను. నా చేతుల్తోని ఇంత మట్టన్న ఏస్త.”

లోపలికి వెళ్ళాను. సోమేశ్వరరావు గారు కంప్యూటరుకి దూరంగా, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. “తీసేసి ఉంచండమ్మా, టీ తాగి వస్తాను” అని గొడుగు కూడా మరిచిపోయి వెళ్ళిపోయారు.

వాన పట్టుకుంది. మధ్యాహ్నం మూడింటికే షెడ్డులో చీకటి కమ్మింది. రేకుల మీద చినుకుల మోత. కిటికీలోంచి తడిసిన రాతిపొడి వాసన వస్తోంది, దాని వెనకే పేలుడు మందు వాసన. ఆదివారం బండలు పేల్చరు. నిన్నటి వాసనేమోలే అనుకున్నాను.

బాణం నొక్కాను. జాబితా జారింది. ఐదో వరుసలో ఉంది... ‘బండ కింద’.

ఎవడో గుమాస్తా తుంటరితనం అనుకుని తీసేశాను. మూసి తెరిచాను. ఉంది. మళ్ళీ తీశాను. ఉంది. ఈసారి జాబితా వెనకుండే పట్టిక తెరిచాను. ప్రతి మాటకీ కంప్యూటరు ఒక నంబరు ఇస్తుంది. ఒకసారి తీసేసిన నంబరుని మళ్ళీ ఏ మాటకీ ఇవ్వదు. కొత్త మాట చేరితే ఆరు రావాలి, ఆ తర్వాత ఏడు. కానీ ‘బండ కింద’ పక్కన ఐదు ఉంది. నేను తీసేసిన ‘చనిపోయాడు’ నంబరు.

కొమురయ్య పేరు వెతికి అతని పేజీ తెరిచాను. కారణం దగ్గర ‘పరారీ’ అని ఉంది. చూస్తుండగానే ఆ మాట చెరిగిపోయింది. దాని చోట ‘బండ కింద’ అని వచ్చింది. నా చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటోంది. ఆ కూతకీ కూతకీ మధ్య...

ఠంగ్.

సమ్మెట దెబ్బ. ఆగింది. మళ్ళీ... ఠంగ్. బయట నుంచి కాదు. నేల కింద నుంచి. పాదాలకి అదురు తెలుస్తోంది.

“ఎవరు?” అన్నాను.

తెర మీద జాబితా దానంతట అదే జారింది. కీబోర్డు కేసి చూశాను. ఐదు అంకె మీద తడి రాతిపొడి... వేలి ముద్ర. ఇందాక లేదు.

పారిపోదామనే లేచాను. తలుపు నాలుగడుగుల దూరం. కానీ గేటు దగ్గరున్న ఆ చెప్పులు గుర్తొచ్చాయి. అంత భయంలోనూ కోపం వచ్చింది, ముందు నా మీదే. అడగ్గానే తీసేసింది నేనే కదా! మొండివాడు రాజు కన్నా బలవంతుడని మా అవ్వ నన్ను చూపించి అంటుండేది. మళ్ళీ కూర్చున్నాను.

“సరే కొమురయ్యా” అన్నాను గుసగుసగా. “ఈసారి నేను తీయను.”

సమ్మెట ఆగిపోయింది.

జాబితా ఇంకెవరూ మార్చకుండా పాస్‌వర్డు మార్చేశాను. కరెంటు రాగానే కొమురయ్య పేజీని ప్రింటు తీశాను. ఆ ప్రింటరు రొద వినే కాబోలు, సోమేశ్వరరావు గారు తడిసి ముద్దయి వచ్చారు.

“తీసేశారా అమ్మా?”

“లేదు సార్. తీసేది లేదు.”

కాగితం ఆయన ముందు పెట్టాను. కొమురయ్య పేరు, ఊరు, కారణం ‘బండ కింద’. అంతే ఉంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. గొంతు బాగా తగ్గించారు.

“మీకు తెలియదండి... మూడో గుంట పూడ్చేశాం. ఇప్పుడా బండ ఎత్తాలంటే పని మొత్తం ఆగిపోతుంది...”

మాట మధ్యలోనే నోరు మూసుకున్నారు. మూడో గుంట అని నేను అనలేదు. కాగితంలోనూ లేదు.

“ఎత్తాలి సార్” అన్నాను.

“మీ ఉద్యోగం పోతుందమ్మా.”

“పోతే పోనీండి. మనిషి పోయాడు కదా!”

వానలోనే అనంతమ్మని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ముందు కాగితం చూసి నవ్వారు. మూడో గుంట అన్న మాట ఎవరి నోట వచ్చిందో చెప్పాక నవ్వలేదు. అయినా బయల్దేరడానికి బద్ధకించారు. మేమిద్దరం మూడు రోజులు ఆ బెంచీ వదల్లేదు. బుధవారం బండ ఎత్తారు. కొమురయ్య అక్కడే ఉన్నాడు, వట్టి కాళ్ళతో. అనంతమ్మ అతని పక్కన చెప్పులు పెట్టి తన చేతులతో మట్టి వేసింది. “ఇగ పోతడు బిడ్డా” అంది నాతో.

సోమేశ్వరరావు గారు అన్నట్టే నా ఉద్యోగం పోయింది. అందుకు ఒక్క రోజు కూడా బాధపడలేదు.

నెల తిరక్కుండా హైటెక్ సిటీ దారిలో ఇంకో కంపెనీలో చేరాను. భవనం కట్టి ఏడాది కూడా కాలేదు, గోడలింకా సున్నం వాసన వేస్తున్నాయి. మాకిచ్చింది మూడో అంతస్తు. ఒక రోజు మిట్టమధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్ళాక, ఆ ఆదివారం ఫ్లాపీలోకి ఎక్కించుకున్న పాత రిజిస్టరు తెరిచాను. బాణం నొక్కాను. ఐదో వరుస లేదు. నాలుగే ఉన్నాయి. కొమురయ్య వెళ్ళిపోయాడు అనుకున్నాను.

అప్పుడు చూశాను. జాబితా పక్కన కిందకి లాగే పట్టీ ఉంది. ఎనిమిది వరుసలు దాటితే తప్ప అది రాదు. పట్టుకుని లాగాను. ఖాళీ వరుస. దాని కింద ఇంకో ఖాళీ వరుస... ఎంత లాగినా అవి అయిపోవడం లేదు.

పాదాల కింద ఠంగ్‌మంది. ఈసారి ఒక్క సమ్మెట కాదు, ఎన్నో.

తెర మీద పెట్టె తెరుచుకుంది. ‘జాబితాలో లేదు. చేర్చమంటారా?’

నేనేమీ టైపు చేయలేదు. అయినా వేలు వెనక్కి తీసుకోలేదు. ‘అవును’ నొక్కాను. మీట మీద తడి రాతిపొడి నా వేలికంటింది.