ఆఖరి షీటు

నరసన్నపేట మెయిన్ రోడ్డులో ధనరాజు కాంప్లెక్సు కట్టి నలభై ఏళ్లయింది. వీధి వైపు పొడవాటి వరండా, లావుపాటి స్తంభాలు, జనం కాళ్లకి అరిగిపోయిన నాలుగు మెట్లు. వానొస్తే సగం బజారు ఆ వరండాలోనే తలదాచుకునేది. వరండా చివర, మేడమెట్ల పక్కన, గున్నమ్మ ఎండుచేపల తట్ట పెట్టుకుని కూర్చునేది. రోజూ కళింగపట్నం నుంచి పొద్దుటి బస్సుకి వచ్చేది. ఆ చోటు ధనరాజు తండ్రి బతికుండగా ఆవిడకిచ్చింది.

ఈ ఏడాది రోడ్డుకి అవతల అద్దాల షాపింగ్ మాల్ ఒకటి లేచింది. ధనరాజుకి కంటి మీద కునుకు పోయింది. తన కాంప్లెక్సు కూడా బస్సులో పోయేవాడికి మెరుస్తూ కనబడాలన్నాడు. లోపల గోడలు చెమ్మెక్కి ఉన్నాయి, పైకప్పు పెచ్చులూడుతోంది, మరుగుదొడ్డికి తలుపు లేదు. వాటి జోలికి మాత్రం పోలేదు. పైన పటారం, లోన లొటారం అన్నది ఇలాంటివాళ్లని చూసే పుట్టి ఉంటుంది.

ఆ పటారం పని గంగరాజుకి దక్కింది. పాత భవనాల ముందు ఇనప చట్రం నిలబెట్టి, దానికి రంగు షీట్లు బిగించి కొత్త మొహం పెట్టే మేస్త్రి అతను. పనిలో నెమ్మది, మనిషి మెత్తన. నెలరోజుల్లో వరండా అంతా అద్దాల వెనక్కి, కొట్లలోకి పోయింది. మేడమెట్లు వెనకవైపుకి మార్చారు. పాత మెట్ల కింద చీకటి మూల ఒక్కటే ఎవరికీ అక్కర్లేక మిగిలింది. దాని ముందు షీటు కొట్టేస్తే రోడ్డు మీంచి అంతా ఒకటే మెరుపు.

"అద్దాల ముందర ఎండుసేపలేటి? రేపట్నించి ఇటు రాకు," అని ధనరాజు గున్నమ్మతో తేల్చి చెప్పాడు.

ఆవిడ గంగరాజు దగ్గరికొచ్చి, "ఒరే గంగరాజా, ఆ మూల ఆఖర్న మూయరా. నా కాళీ తట్టలున్నాయి. మద్దినేలకి తీసుకుని ఎలిపోతాను," అంది. పొట్లం ఒకటి అతని చేతిలో పెట్టింది. "నెత్తళ్లు. నీ పెళ్లానికియ్యి."

మర్నాడు పొద్దున్నే ప్రారంభోత్సవం. అందుకని ఆ రోజంతా డ్రిల్లు మోత. తన చేతిలో సుత్తి చప్పుడు కూడా గంగరాజుకి వినబడలేదు. దీపాలు పెట్టే వేళకి కూలీలు టీకి వెళ్లారు. మిగిలింది ఆ మూల ముందు ఒక్క షీటే. గంగరాజు వంగి లోపలికి చూశాడు. చీకటి. తట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ముసలమ్మ వీటిని వదిలేసి పోయిందనుకున్నాడు, మనసు చివుక్కుమంది. పన్నెండు మరలకి ఆరు బిగించాడు.

"గంగరాజా..."

చెయ్యి ఆగిపోయింది. రోడ్డు వైపు చూశాడు. ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. ఎవరూ ఇటు చూడటం లేదు.

"ఒరే... గంగరాజా..."

సన్నటి పిలుపు. షీటు వెనక నుంచి. గున్నమ్మ గొంతే.

కానీ గున్నమ్మ మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది కదా? సందేళ పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపుకి గానీ పలకకూడదని ఆ చుట్టుపక్కల ఊళ్లలో పాలు తాగే పిల్లకి కూడా చెబుతారు. మనిషైతే మూడోసారి పిలుస్తుంది. గాలైతే రెండుతో సరిపెడుతుంది. పలికావా, నీ వెంట పడుతుంది. గంగరాజు పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. మూడోది వస్తే పలుకుదామనే నిలబడ్డాడు, పాపం. ఒక బస్సు పోయింది. రెండు ఆటోలు పోయాయి.

మూడోది రాలేదు.

మిగతా ఆరు మరలూ గబగబా బిగించి, వెనక్కి చూడకుండా ఇంటికి పోయాడు.

ప్రారంభం ఘనంగా జరిగింది. మూడో రోజుకి ఆ మూల నుంచి వాసన మొదలైంది. కొట్లవాళ్లు ముక్కు మూసుకుని నవ్వుకున్నారు. నలభై ఏళ్ల ఎండుచేపలు మరి, గోడలు ఊరికే వదులుతాయా అన్నారు. ఫినాయిలు కొట్టారు, అగరొత్తులు వెలిగించారు. ఇంకే ఊరివాళ్లయినా ఆ వాసనకి ఉలిక్కిపడేవారు. ఎండుచేపలు తిని పెరిగినవాళ్లు కనక వీళ్లకి అనుమానం రాలేదు.

నాలుగో రోజు, సామాను సర్దుకుంటున్న గంగరాజు దగ్గరికి గున్నమ్మ మనవరాలు తులసి వచ్చింది. చెప్పులు కూడా లేవు కాళ్లకి.

"మామ్మ ఇంటికి రానేదు. మా పెద్దమ్మింటి కాడ ఆగిపోనాదనుకున్నాం. అక్కడా నేదు. మీరు గానీ సూసినారేటి?"

గంగరాజు డ్రిల్లు తీసుకుని పన్నెండు మరలూ విప్పాడు.

తట్టల వెనక గోడకి చేరగిలబడి ఉంది. మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, నోరు తెరుచుకుని. గోళ్ల నిండా పాత సున్నం. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చి ఉంటుందని, ఉక్కకి సొమ్మసిల్లి ఉంటుందని అన్నారు. మూసిన తర్వాత కూడా ఒక రాత్రి, ఒక పగలు బతికే ఉందన్నాడు శవాన్ని చూసిన డాక్టరు. రెండు పిలుపులకే గొంతు అయిపోయింది ముసలిదానికి. మూడోదానికి మిగల్లేదు.

ముసలమ్మ తానే లోపలికి దూరిందని, ఎవరూ చూడలేదని పోలీసు కాగితాల మీద పడింది. వారం తిరక్కుండానే ధనరాజు కబురు పెట్టాడు. "ఆ షీటు మళ్లీ బిగించీ గంగరాజూ. ముందర బోసిగా ఉన్నాది." గంగరాజు వెళ్లి బిగించాడు కూడా. ఆ పని ఎందుకు చేశానా అని తర్వాత రోజూ తనని తానే తిట్టుకున్నాడు. అయినా ఏం లాభం?

పిలుపుల సంగతి ఒక్క భార్య గౌరికే చెప్పాడు. చెప్పి, "ఇకనించి ఈ ఇంట్లో మూడో పిలుపు మాట ఒద్దు. ఎవులు పిలిసినా, ఏ యేళ పిలిసినా, మొదటి పిలుపుకే పలుకు. తలుపు తియ్యి," అన్నాడు.

"అదేటి మావా? పెద్దోళ్లు ఊరికే సెప్పినారా?"

"పెద్దోళ్ల మాట ఇనబట్టే ఒక మనిషిని సంపీసినాను."

గౌరి అతని మొహం చూసి సరేనంది.

రెండు నెలల తర్వాత గరివిడిలో పని దొరికింది. అదీ పాత కాంప్లెక్సే, ఇక్కడా మొహం మీదే మోజు. ఇప్పుడు గంగరాజు ప్రతి చోటా ఆఖరి షీటు బిగించే ముందు లోపలికి టార్చి కొట్టి, మూడుసార్లు కేకేస్తాడు. కూలీలు చాటుగా నవ్వుతారు. నవ్వుకోనీ అనుకుంటాడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ. షీట్ల వెనక సందులోకి టార్చి కొట్టాడు. ఇటుకలు, సిమెంటు దుమ్ము. ఈ చివర నుంచి ఆ చివరకి ఖాళీ.

"లోపలెవులైనా ఉన్నారేటి?"

అంతే. ఒక్కసారే పిలిచాడు.

"ఆఁ... వస్తన్నాను మావా..."

గౌరి గొంతు. గాజుల చప్పుడు. తర్వాత గడియ తీసిన చప్పుడు.

టార్చి చేతిలోంచి జారింది. షీటు లాగి పారేసి లోపలికి దూరాడు. రెండు గోడలూ తడిమాడు. ఏమీ లేదు... దుమ్ము, అతని ఊపిరి, అంతే. తను ఇల్లు వదిలి నాలుగు రోజులైంది. నరసన్నపేట ఇక్కణ్ణించి రెండు గంటల దారి. ఫోను చేశాడు. రెండు రింగులకే తీసింది.

"గౌరీ... ఎక్కడున్నావు?"

"ఇంట్లోనే. ఏటి మావా ఈ ఏళాకోళం?"

"ఏటి?"

"ఇప్పుడే కదా పెరట్లోంచి పిలిసినావు. నువ్వు సెప్పినట్టే ఒక్క పిలుపుకే తలుపు తీసినాను. మాటా పలుకూ నేకుండా వచ్చి, గోడ వేపు తిరిగి కూకున్నావు. మళ్లీ ఫోనేటి?"

గంగరాజు ఫోను చెవికి అదుముకున్నాడు.

"బయటికి... బేగి బయటికెల్లిపో గౌరీ..."

అవతల మంచం కిర్రుమంది. గౌరి ఫోను చెవి దగ్గర నుంచి దించినట్టుంది. దూరంగా, ఇంట్లో ఎవరికో జవాబు చెబుతున్న ఆమె గొంతు వినబడింది.

"ఆఁ మావా. ఇదిగో, వచ్చీసినాను."