గోడ మీది పాస్‌వర్డు

కృష్ణవేణికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తనకు తెలియని మనిషి ఎవరో, తనకు కనిపించని చోట కూర్చొని, తన బిడ్డను చూస్తూ ఉండటం. జ్వరమొస్తే ఆస్పత్రి ఉంది. దీనికి ఎక్కడికి పోవాలో ఆమెకు తెలియదు. తొమ్మిదో తరగతి సగంలో తనను బడి మాన్పించకపోయి ఉంటే తెలిసేదేమో అని అప్పుడప్పుడూ అనుకునేది.

ఆ మంగళవారం పొద్దున మదనపల్లెలోని వాళ్ళ రెండు గదుల ఇల్లు ఎప్పటిలాగే హడావిడిగా ఉంది. అత్త తిమ్మక్క పొయ్యి దగ్గర సంకటి కెలుకుతోంది. నాలుగేళ్ళ తేజ ఒక కాలికి చెప్పు వేసుకొని, రెండో చెప్పు కోసం మంచం కింద దూరింది. తొమ్మిదికల్లా టైలరింగ్ షాపులో మిషను ముందు కూర్చోవాలి గనుక కృష్ణవేణి జడ వేసుకుంటూనే టిఫిన్ డబ్బా మూత వెతుకుతోంది.

"అమ్మా, కెమెరా మామ నన్ను పేరు పెట్టి పిలిచినాడు," అంది తేజ మంచం కిందనుంచి.

"మామ గాదే, మీ నాయన. కుప్పం నుంచి సూస్తాండాడు నిన్ను."

"నాయన గొంతు నాకు తెలీదా? ఈ మామది వేరే. తేజా, ఇట్ల తిరుగు అన్నాడు."

జడలో కృష్ణవేణి వేళ్ళు ఆగిపోయాయి. అలమర మీద గుండ్రటి తలతో తెల్లటి కెమెరా కూర్చొని ఉంది. పనికి పోయినా బిడ్డ కళ్ళముందే ఉంటుందని ఆమె పట్టుబడితేనే భర్త ధనుంజయ కొనుక్కొచ్చాడు. అతనికి కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీలో పని. వారానికొకసారి ఇంటికి వస్తాడు. ఇంట్లో నెట్టు, కెమెరా, ఇద్దరి ఫోన్లలో బిడ్డ బొమ్మ. ఇంతకంటే ధైర్యం ఏముంటుందనుకున్నారు.

ఫోన్ చేసింది. "పొద్దున బిడ్డతో కెమెరాలో మాట్లాడినావా నువ్వు?"

"యాడ మాట్లాడేది మ్మే? రాయి కోసే కాడికి ఫోన్ తీసుకుపోనియ్యరు. ఇప్పుడే బయటికొస్తి. ఆ కెమెరా సూసి నెల దాటింది."

"మరి ఎవరు?"

సరిగ్గా అప్పుడే అలమర మీద కెమెరా చిన్నగా చప్పుడు చేస్తూ తల తిప్పింది. ఆమె వైపుకే. కృష్ణవేణి కేక పెట్టి వైరు పట్టుకొని లాగేసింది.

కేక విని మేడమీద అద్దెకుండే ఝాన్సీ పరుగెత్తుకొచ్చింది. డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పని చేసే పిల్ల. సంగతి విని, తన ఫోన్లో ఏదో తెరిచి, పెదవి కొరుక్కుంది.

"అక్కా, మీ నెట్టుకు ఎన్ని ఫోన్లు అతుక్కొని ఉండాయో తెలుసా? పందొమ్మిది."

"మాకుండేవి మూడే గదా!"

"పాస్‌వర్డు గోడ మీద రాసి పెట్టుకుంటే ఎవరైనా అతుక్కుంటారు. అది పోతే పోనీ. ఈ కెమెరాకు కంపెనీ వాళ్ళిచ్చిన పాస్‌వర్డే ఉండాది. ఎవరూ మార్చలేదు. ఆ రకం కెమెరా కొన్నోళ్ళందరికీ అదే ఉంటాది. మీ నెట్టులోకి వచ్చినోడు ఎవడైనా అది కొడితే సాలు, మీ ఇంట్లో కూర్చున్నట్లే."

గోడ మీది రాత తిమ్మక్క పని. పుంగనూరు దగ్గర పల్లెలో పాడి చేసిన మనిషి ఆమె. పాడి ఉన్న ఇంటికి ఎవరు చెంబు తీసుకొని వచ్చినా మజ్జిగ లేదనకూడదు, అమ్మకూడదు, ఆవుకు మంచిది కాదని అక్కడ అందరూ నమ్ముతారు. మనవరాలి కోసం ఆవులను పెద్ద కొడుక్కు అప్పజెప్పి మదనపల్లె వచ్చినా ఆ అలవాటు పోలేదు. ఎంత మందికిచ్చినా నెట్టు అయిపోదని కొడుకు చెప్పాక ఆమెకు అదీ మజ్జిగలాగే తోచింది. అడిగినవాళ్ళకల్లా పాస్‌వర్డు రాసిన కాగితం వెతికి చూపించేది. చదువు రాదు కాబట్టి ఒక్కోసారి కరెంటు బిల్లు చూపించేది. ఈ బాధ పడలేక, ఇంటికి సున్నం కొట్టినప్పుడు పెయింటరు చేత వాకిలి పక్కనే పెద్ద అక్షరాలతో రాయించింది. తేజ పేరూ, పుట్టిన ఏడూ, అదే పాస్‌వర్డు. ధనుంజయ చూసి కడుపుబ్బ నవ్వి, ఫోటో తీసి ఫ్యాక్టరీలో అందరికీ పంపాడు. కృష్ణవేణి కూడా నవ్వింది.

ఇప్పుడు నవ్వు రాలేదు.

"అత్తా, ఎవరెవరికి ఇచ్చినావు నెట్టు?"

"అడిగినోళ్ళకి ఇచ్చినా. అడగనోళ్ళు గోడ సూసి రాసుకున్నారు. యాల అడగతాండావు?"

"యాలనా! ఎవడో కెమెరాలోంచి నా బిడ్డను పేరు పెట్టి పిలస్తాండాడు!"

తిమ్మక్క చేతిలో తెడ్డు ఆగింది. "మల్లా పిలిచినాడా?" అంది నెమ్మదిగా.

"మల్లానా? అంటే ముందే తెలుసా నీకు?"

ఝాన్సీ ఇబ్బందిగా వాకిట్లోకి జరిగింది. కృష్ణవేణికి నెల రోజులుగా మనసులో నలుగుతున్నది నోటికి వచ్చేసింది. షాపులో ఎన్నోసార్లు ఫోన్ తెరిస్తే తెర నల్లగా కనిపించేది. ఏదో గుడ్డ కప్పినట్టు.

"కెమెరా మింద టవలు కప్పేది నువ్వే గదా? నాకు తెలీదనుకుంటివా? బిడ్డను కొడతాండావో, వదిలేసి నిద్రపోతాండావో, నాకేం తెలుసు!"

"కొడతాండానా? నేనా?"

"చెంబులో మజ్జిగ పోసినట్లు నా బిడ్డను వీధిలో పోస్తివి అత్తా!"

మాట బయటికొచ్చాక తీసుకోవడానికి వీల్లేకపోయింది. తిమ్మక్క తెడ్డు కడిగి బోర్లించింది. తేజకు సంకటి చిన్న ముద్దలు చేసి చారులో ముంచి తినిపించింది. మూతి తుడిచింది. తర్వాత లోపలికి పోయి రెండు చీరలు సంచిలో పెట్టుకొచ్చింది. "పెద్దోడింటికి పోతాండా," అంది గడప దాటుతూ. కృష్ణవేణి ఆపలేదు.

షాపుకు సెలవు పెట్టింది. తలుపు గడియ వేసుకొని, తేజను ఒళ్ళో నుంచి దించకుండా కూర్చుంది. వీధిలో పోయే ప్రతి గొంతునూ చెవి పెట్టి వింది. సిలిండరు తెచ్చే మనిషి, ఆకుకూరలామె వెంట వచ్చే మొగుడు, రోజూ వాకిట్లో బండి నిలిపే ఆటో వెంకటముని. నిన్నటిదాకా పలకరించిన ముఖాలన్నీ అనుమానంగానే కనిపించాయి.

మధ్యాహ్నం రెండింటికి ఝాన్సీ కిందికి వచ్చింది. పొద్దున కెమెరాలోంచి మెమరీ కార్డు తీసుకుపోయింది ఆమె. ల్యాప్‌టాప్ కృష్ణవేణి ముందు పెట్టి, "అక్కా, నేనేం సెప్పను. నువ్వే సూడు," అంది.

మొదటి వీడియోలో తిమ్మక్క మనవరాలిని ఒళ్ళో పెట్టుకొని కెమెరాకు ఎదురుగా కూర్చొని ఉంది. "ధనుంజయా, తింటివా నాయనా? చెయ్యి వాపు తగ్గిందా?" అని ఆగింది. జవాబు కోసం చాలాసేపు చూసింది. "పనిలో ఉండాడేమోలే," అని బిడ్డతో చెప్పుకుంది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే.

తర్వాత ఒక రోజు కెమెరాలోంచి గొంతు వచ్చింది. "తేజా."

తిమ్మక్క ముఖం విప్పారింది. "ఏం నాయనా, ఇన్నాళ్ళకు పలికితివా! గొంతేంది అట్లుండాది, పడిశెం పట్టిందా?" ఆ గొంతు నవ్వింది. ఆమె ముఖంలో నెత్తురు ఇంకిపోవడం బొమ్మలో కూడా కనిపించింది. తేజను లాగి కొంగు చాటుకు తీసుకుంది.

ఆ తర్వాతి దాంట్లో ఆమె కెమెరాకు అడ్డంగా నిలబడి ఉంది. భుజాన టవలు. "ఎవురప్పా నువ్వు? ఏ తల్లి కన్నదో నిన్ను. ఈ బిడ్డను మాత్రం సూడొద్దు. సూసేదుంటే నన్ను సూడు, ముసిల్దాన్ని." తెర నల్లబడింది. చీకట్లోంచి ఆమె మాట మాత్రం వినిపిస్తోంది. "ఏం లేదు తల్లీ, ఏం లేదు. అవ్వ ఉండాది గదా."

కృష్ణవేణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రోజుకు పదిసార్లు ఆ కెమెరా తెరిచింది తను. బిడ్డ కనబడగానే మూసేసింది. పక్కనున్న మనిషి ఏం మాట్లాడుతోందో ఒక్కసారి కూడా వినలేదు.

వెంటనే పెద్ద బావ గోవిందరాజులుకు ఫోన్ చేసింది. "బావా, అత్తకు ఇయ్యి."

"అమ్మా? ఈడికి రాలేదే! యాల, ఏమయింది?"

పొద్దున తొమ్మిదికి బయలుదేరిన మనిషి. పుంగనూరు గంట దారి. అక్కడినుంచి పల్లెకు ఆటోలో పావుగంట. ధనుంజయకు చేస్తే అతను అప్పటికే సెలవు అడిగి బస్సులో ఉన్నాడు. పుంగనూరు మీదుగానే రావాలి. "నేను ఆడ దిగతా. నువ్వూ రా," అన్నాడు. అత్తకు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఆఫ్‌లోనే ఉంది. బస్సులో కిటికీ పక్కన కూర్చొని, రోడ్డు పక్కన నడిచే ప్రతి ముసలామె ముఖమూ చూస్తూ వచ్చింది కృష్ణవేణి. తేజ రెండుసార్లు అడిగింది, "అవ్వ యాడికి పోయింది?" అని.

పుంగనూరు బస్టాండులో వెనకవైపు, పల్లెలకు పోయే బస్సులు ఆగే చోట, బెంచీ చివర ఒళ్ళో సంచితో కూర్చొని ఉంది తిమ్మక్క. పొద్దున్నుంచీ అక్కడే. కృష్ణవేణి ఆమెను చేరేసరికి అటుపక్కనుంచి ధనుంజయ కూడా వచ్చాడు, తలనిండా రాతి దుమ్ముతో.

"పల్లెకు యాల పోలేదు అత్తా?"

"పోతే పెద్దోడు అడగడా, యాల వచ్చినావని? కోడలు తరిమిందని సెప్పల్లా? ఆ పేరు నీకెందుకు?"

కృష్ణవేణి ఆమె ఒళ్ళోని సంచి తీసి బెంచీ మీద పెట్టింది. "ఆ గొంతు సంగతి నాకు సెప్పొచ్చు గదా," అంది.

"సెబితే నువ్వు పని మానుకుంటావు. బడి మాన్పించినారని ఇప్పటికీ కుమిలిపోతావే, ఇది గూడా మానుకుంటే ఎట్లమ్మా?" తిమ్మక్క గొంతు తగ్గించింది. "అదీ గాక, పెట్టెలోంచి ఎవురో మాట్లాడతాండారంటే ముసిల్దానికి మతి తప్పిందంటారని."

"అమ్మా," అన్నాడు ధనుంజయ. "నేను సూస్తాండానని దినమూ మాట్లాడితివా?"

"నువ్వు కొన్నదే గదా నాయనా. ఇంగెవురు సూస్తారు?"

అతను తల పక్కకు తిప్పుకున్నాడు. కృష్ణవేణి నేల మీదే కూలబడి అత్త ఒళ్ళో తల పెట్టింది. "అందరూ సూస్తాండారు, లెయ్యి," అంది తిమ్మక్క. "సూడనీ," అంది కృష్ణవేణి. తేజ సంచిలో చెయ్యి పెట్టి తినడానికి ఏముందో వెతుకుతోంది.

పోలీసు స్టేషనులో ఫిర్యాదు కాగితం రాసిచ్చారు. ఝాన్సీ నెట్టుకొకటి, అది వచ్చే రౌటరు పెట్టెకొకటి, కెమెరాకొకటి వేరువేరుగా పొడుగాటి పాస్‌వర్డులు పెట్టింది. అయినా కృష్ణవేణి కెమెరాను మళ్ళీ బిగించనివ్వలేదు. షాపులోంచి మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది. ఒక్క మాట అడిగితే తిమ్మక్క పది మాటలు చెబుతుంది. కృష్ణవేణి మిషను ఆపి వింటుంది. ఆ గొంతు ఎవరిదో మాత్రం ఈ రోజుకీ తెలియలేదు. భయం పోలేదు. కాకపోతే ఇప్పుడు దాన్ని ఇద్దరు పంచుకుంటున్నారు.

మీ ఇంట్లోనూ పగలంతా బిడ్డతో ఒక్కతే ఉండే పెద్దామె ఉంటుంది. ఫోన్లో చూసి సరిపెట్టుకోకండి. ఈ పూట ఆమె పక్కన కూర్చొని, ఎవరైనా కొత్తవాళ్ళు మాట్లాడారా, చెప్పలేక ఏదైనా దాచుకుందా అని ఒక్కసారి అడగండి. ఆమె చెప్పేదాకా లేవకండి.