వచ్చీసినాను టీచరూ

మా ఊళ్ళో ఫోను పలకదు. డుంబ్రిగుడ సంతకి వెళ్తే అందరి ఫోన్లూ ఒక్కసారే గోల పెడతాయి, ఊరికి తిరిగొచ్చామా మళ్ళీ చచ్చిపోతాయి. పైన కాఫీ తోట దాటాక ఒక నల్లరాయి ఉంది. దాని మీద కూర్చుంటే మాత్రం నెట్ అందుతుంది. ఆ సంగతి కనిపెట్టింది మా ఇంటాయన మంగ్లు. ఇంట్లోకి ఉప్పు ఉందో లేదో కనిపెట్టమంటే కనిపెట్టడు గానీ, ఇలాంటివి బాగా కనిపెడతాడు.

ఈ చలికాలం మొదట్లో హాస్టల్లో జ్వరాలు వచ్చాయని పిల్లలందర్నీ ఇళ్ళకు పంపేశారు. పాఠాలు ట్యాబ్‌లో చెప్తామన్నారు. పగలు పిల్లలు కాఫీ పళ్ళ కోతకి వెళ్తారు కదా, అందుకని అనురాధ టీచరు సాయంత్రం పెట్టేది క్లాసు. కింద విజయనగరం వైపు మనిషి. మంచిదే పాపం. అన్ని తరగతుల పిల్లలకీ కలిపి ఒకేసారి హాజరు పిలిచేది. "వీడియోలు ఆపేయండర్రా, నెట్ ఆగిపోతోంది" అనేది. అందుకని ఎవరి మొహమూ ఎవరికీ కనపడదు. గొంతులే వినపడతాయి.

నాకు ఇద్దరు గుంటలు, ఆడపిల్లలే. పెద్దది హేమలత, పదో తరగతి. చిన్నది కనక, ఎనిమిదో తరగతి. ట్యాబ్ కనకది, బడివాళ్ళు ఇచ్చింది. పెద్దది నోట్లో నాలుక లేని పిల్ల. చిన్నదానికి ముక్కూ ఆగదు, నోరూ ఆగదు. హాజరు పిలిస్తే పిల్లలందరూ "ఉన్నాను టీచర్" అంటారా, ఇది మాత్రం ముక్కు ఎగబీల్చి "వచ్చీసినాను టీచరూ!" అని అరిచేది. టీచరు ఎంత దిద్దినా అదే మాట. అందరూ నవ్వేవాళ్ళు.

హాస్టల్ నుంచి వచ్చిన కొద్ది రోజులకే దానికీ జ్వరం పట్టుకుంది. డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. జీపు ఎక్కించేలోపే... వద్దులెండి, అది నేను చెప్పలేను.

మా వాళ్ళలో పోయినవాళ్ళ పేరు పలకం. మళ్ళీ మా ఇళ్ళల్లో ఒక బిడ్డ పుట్టి, ఆ బిడ్డకి ఆ పేరు పెట్టేదాకా నోట పట్టం. పేరు పెట్టి పిలిస్తే వాళ్ళకి వినపడుతుంది. వినపడితే వచ్చేస్తారు. వచ్చినవాళ్ళకి ఉండటానికి ఒక ఒళ్ళు కావాలి కదా. పుట్టబోయే బిడ్డ కోసం ఆగరు, ఎదురుగా ఉన్నది పట్టుకుంటారు. ఇది మాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

బడికి కబురు పంపొద్దన్నది నేనే. చిన్నదాని పేరు కొట్టేస్తే ట్యాబ్ తీసేసుకుంటారు. పరీక్షలు నెత్తి మీద ఉన్నాయి, పెద్దదాని చదువు ఏం కాను?

"దాని పేరు వస్తే నువ్వే పలికీ" అన్నాను హేమతో.

"నానొల్లనమ్మా. బయమేస్తంది."

"ఒల్లకపోతే బతుకంతా కాఫీ పళ్ళు ఏరుకో."

ఆ సాయంత్రం కట్టెలు ఏరుకునే మిషతో నేనూ రాయి దగ్గరే ఉన్నాను. మంచు దిగుతోంది. తోటలోంచి కాఫీ తొక్కలు పులిసిన వాసన వస్తోంది. టీచరు పేర్లు పిలుస్తోంది. హేమ తన పేరుకి పలికింది. తర్వాత కనక పేరు. హేమ నా వైపు చూసింది. కళ్ళు మూసుకుని, ముక్కు ఎగబీల్చి, "వచ్చీసినాను టీచరూ!" అంది.

అచ్చం అదే గొంతు. అక్కచెల్లెళ్ళు కదా, గొంతులు కలుస్తాయి అనుకున్నాను. కూలబడి ఏడ్చాను. ఏడ్చాక ఒళ్ళు తేలికైంది.

ఇంక చూడండి నా సిగ్గులేనితనం. రోజూ కొండెక్కేదాన్ని. ఇంట్లో కట్టెలు గోడంత పేరుకుపోయినా మళ్ళీ కట్టెలకే. అదీ చాలక, పొయ్యి దగ్గర సామ అన్నం వండుతూ హేమని బతిమాలేదాన్ని. "ఒక్కసారి అనవే. అమ్మా అను, దానిలాగ." పిల్ల తల అడ్డంగా ఊపేది. నేను అలిగేదాన్ని, అన్నం మానేసేదాన్ని. అప్పుడు అనేది. బతికున్న బిడ్డ నా ఎదురుగా వణుకుతుంటే, నేను కళ్ళు మూసుకుని పోయినదాన్ని వినేదాన్ని. తల్లినేనా నేను?

మంగ్లు ఒకటి రెండుసార్లు మొత్తుకున్నాడు. "గుంట మొగం సూసినావా? ఎలాగైపోనాదో. టీచరుకి సెప్పీసి పేరు కొట్టించీ."

"పరీచ్చలు అవనీ" అన్నాను. పరీక్షల మాట అప్పటికి నా నోట్లోనే ఉంది, మనసులో లేదు.

ఒకరోజు వాన పడింది. మంగ్లు ఫోను పట్టుకుని పాడేరు పోయాడు. ఆ ఫోనులోంచి నెట్ ఇస్తేనే మా ట్యాబ్ పలుకుతుంది. ఇంకేముంది, కొండెక్కలేదు. ట్యాబ్ సంచిలో, సంచి చిలక్కొయ్యకి. మర్నాడు క్లాసు మొదలవగానే టీచరు అంది.

"కనకా, నిన్న పద్యం ఎంత బాగా చెప్పావే! తప్పు లేకుండా మొత్తం చెప్పేశావు. హేమలతా, నువ్వే రాలేదు నిన్న. ఏమ్మా?"

హేమ ట్యాబ్‌ని రాయి మీద దూరంగా జరిపేసింది.

దిగి వచ్చేటప్పుడు నా కొంగు పట్టుకుని గుసగుసగా చెప్పింది. "అమ్మా... కొన్నాళ్ళ నుంచి నాను అనడం లేదు."

"ఏటి?"

"నాను నోరు ఇప్పకముందే... వచ్చీసినాను అంటంది. నా నోట్లోంచే వస్తంది. నాను అనడం లేదు."

ఆ రాత్రికే టీచరుకి చెప్పించాల్సింది. మంత్రం వేసే మా గురువుని పిలిపించి అది వచ్చే దారి కట్టించాల్సింది. నాకు భయం వేయలేదు. ఇది చెప్పడానికి నా తల తీసేసినట్టుంది గానీ, నాకు ఆశ పుట్టింది. నిజంగా అదే అయితే... ఒక్కసారి కనపడదా అని.

మర్నాడు నేనే హేమని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. పొద్దు వాలిపోయింది, మంచు తోటని మింగేసింది. పక్కనున్న మిరియాల తీగ కూడా కనపడటం లేదు. పిట్ట కూత లేదు. రాయి తడిగా, చల్లగా ఉంది. ట్యాబ్ వెలుగులో హేమ మొహం ఒక్కటే కనపడుతోంది.

"హేమలత?"

"ఉన్నాను టీచర్." ఊపిరి అందనట్టు పలికింది.

ఇంకెవరెవరో పలికారు. తర్వాత...

"కనక?"

హేమ రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. నా వైపు చూస్తూ తల ఊపుతోంది. వద్దమ్మా, వద్దమ్మా అని...

ముక్కు ఎగబీల్చిన చప్పుడు. నా వెనక.

"వచ్చీసినాను టీచరూ."

ఈసారి అరవలేదు. మెల్లగా అంది. ఎక్కి వచ్చిన ఆయాసం కూడా వినపడింది. జ్వరంలో దాని రొమ్ముకి రాసిన బామ్ వాసన గుప్పున కొట్టింది.

హేమని లాక్కుని పరుగెత్తాలి. ఎవరైనా అదే చేస్తారు. నేను ఏం చేశానో తెలుసా? వెనక్కి తిరిగి, మంచులోకి చేతులు చాపి, నోరారా పిలిచాను.

"కనకా! రాయే నా తల్లీ... బేగి రా. అమ్మ ఇక్కడే ఉంది..."

మంచు కదిలింది. ఏదో చల్లగా నా చేతుల మధ్య నుంచి దూరి వెళ్ళింది. నా దగ్గర ఆగలేదు. వెనక హేమ "అమ్మా" అంది. ఆ మాట సగంలో తెగింది.

ట్యాబ్ ఆగిపోయింది. చీకటి... చప్పుడు లేదు.

తిరిగి వెలిగేసరికి హేమ రాయి మీదే కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వణకడం లేదు. గండం గడిచింది అనుకుని దాని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి సలసల కాలుతోంది.

"నెట్ పోయింది పిల్లలూ. మళ్ళీ మొదట్నుంచి పిలుస్తాను" అంది టీచరు. "హేమలత?"

పలకలేదు.

"హేమలతా... ఉన్నావా?"

"పలకవే. నిన్నే" అని మోచేత్తో పొడిచాను.

అది ముక్కు ఎగబీల్చింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, మంచులోకి అటూ ఇటూ చూసింది.

"అమ్మా... అక్క ఏదే?"

నా కడుపులో ముందు కలిగింది సంతోషం. ఆ తర్వాతే భయం. ఈ వరస మంగ్లుకి ఇప్పటికీ చెప్పలేదు. హేమా అని ఒక్క కేక వేస్తే... ఇప్పుడే పిలిస్తే... దానికి వినపడుతుంది, వచ్చేస్తుంది. నాకు తెలుసు. కానీ అది వస్తే ఇది పోవాలి. ఇది చిన్నప్పటిలాగే నా భుజానికి తల ఆనించుకుంది. నేను నోరు తెరిచాను... మళ్ళీ మూసుకున్నాను.

ట్యాబ్‌లో గరగరమంది. మాకు ఏ గొంతూ వినపడలేదు. కానీ టీచరు అంది.

"ఆ... వినిపించింది హేమలతా. ఏంటమ్మా, అంత దూరం నుంచి పలుకుతున్నావు? దగ్గరికి వచ్చి చెప్పు... ఎందుకే ఏడుస్తున్నావు?"