మూలన మిలాన్ ఫొటో

అనుదీప్‌కు ఒళ్లు మండిపోతోంది. కారణమైనవాడు స్లొవాకియాలో ఉన్నాడు!

అమీర్‌పేటలో అనుదీప్‌ది ఫ్లెక్సుల షాపు. తమ సంఘం సభలకు ఇక్కడే ఫ్లెక్సులు వేయించే సంహిత, ఎదురుగా కూర్చుని ఫోన్లో ఓ కుర్రాడి ఫొటో చూపిస్తోంది.

"ఈయన మిలాన్, స్లొవాకియాలో రోమా అనే మైనారిటీ జాతి మనిషి. అక్కడ కొన్ని ఊళ్లలో రోమా పిల్లల్ని మిగతా పిల్లలతో కలవనీయకుండా వేరే క్లాసుల్లో కూర్చోబెడతారండీ. దానిమీదే ఈయన పోరాటం. ఆదివారం పంజాగుట్టలో మేం సంఘీభావ సభ పెడుతున్నాం. ఈయన వీడియో కాల్‌లో మాట్లాడతాడు. ఫ్లెక్సులో ఫొటో పెద్దగా రావాలి."

"రోజు మాట్లాడ్తరా మేడమ్, ఆయనతోని?"

"దాదాపు రోజూ. ఎంత నవ్విస్తాడో!"

నవ్విస్తాడట! ఏడాదిగా ఈ పిల్లకు చాయ్‌లు తెప్పిస్తూ, మనసులో మాట మింగుతూ ఇక్కడొకడు చస్తుంటే, ఎక్కడో మంచులో కూర్చున్నవాడు నవ్విస్తాడా?

"ప్రింటుకు ముందు ప్రూఫ్ పంపాల్నా?" అన్నాడు ముభావంగా.

"మీ పని చూడక్కర్లేదు లెండి."

ఫ్లెక్సులో ఫొటో ఎంతుంటే మనిషి హోదా అంత. ఎమ్మెల్యేకు నిలువెత్తు, గల్లీ లీడరుకు కింద చిన్న గుండ్రం. అనుదీప్ ఆ లెక్కలోనే కసి తీర్చుకున్నాడు. నడిమధ్యన సంహిత. కింద మూలన, రూపాయి బిళ్లంత మిలాన్.

ఆదివారం తనే వెళ్లి స్టేజీ మీద కట్టాడు. సంహిత తలెత్తి చూసింది.

"ఏంటండీ ఇది? నేనేమైనా కార్పొరేటర్‌గా నిలబడుతున్నానా? మిమ్మల్ని నమ్మి ప్రూఫ్ కూడా అడగలేదు. ఇక మీ షాపు గడప తొక్కను!"

అనుదీప్ ఫ్లెక్సు విప్పబోయాడు. అంతలో కాల్ కలిసింది. ల్యాప్‌టాప్ కెమెరా ఫ్లెక్సు వైపే ఉంది.

"నన్ను మళ్లీ మూలకు తోశారే!" ఇంగ్లీషులో నవ్వుతూ అన్నాడు మిలాన్. "బడిలోనూ నా క్లాసు అందరికీ దూరంగా, బాత్రూముల పక్కనే."

హాల్లో ఎవరూ నవ్వలేదు. అనుదీప్‌కు సిగ్గేసింది. పాపం, ఇతనేం చేశాడు తనకి? అందరి ముందే మైకు అందుకున్నాడు.

"సారీ భాయ్. గిది నేనే చేసిన. ఈమె నీతోని నవ్వుతదని కుళ్లు. నీ తప్పేం లేదు."

"ఏమంటున్నాడు?" అని సంహితను అడిగాడు మిలాన్.

తర్జుమా చెయ్యక తప్పలేదు. "సారీ చెబుతున్నాడు. మీరు నన్ను నవ్విస్తారని... జలసీ అట." ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే, నువ్వంటే ఇష్టమా అతనికి?"

సంహిత అనుదీప్ వైపు తిరిగింది. "దీనికి నేను జవాబు చెప్పను. మీరే చెప్పండి. ఆయనకి కాదు, నాకు."

"మస్తు ఇష్టం మేడమ్."

హాలంతా గొల్లున నవ్వింది.

"అదే... సంహితా," అని సర్దుకున్నాడు.

"నా కోపం ఇంకా పోలేదు. సభయ్యాక చెబుతా మీ సంగతి. ముందు ఆయన్ని మాట్లాడనివ్వండి."

అనుదీప్ బుద్ధిగా తల ఊపి, వెనక వరసకు నడవబోయాడు.

"అక్కడికెందుకు?" అంటూ సంహిత తన పక్క కుర్చీలో ఉన్న బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది.